స్మిత్‌లు ఎందుకంత మంది?

2010 జనగణన నాటికి అమెరికాలో స్మిత్ అనే ఇంటిపేరు ఉన్నవారు 24,42,977 మంది. ఆ తర్వాతి స్థానంలో ఉన్న జాన్సన్‌లు 19 లక్షల పైచిలుకు. ఇంగ్లండులో, స్కాట్లండులో, ఆస్ట్రేలియాలో కూడా మొదటి స్థానం స్మిత్‌దే. ఇది ఈనాటి ముచ్చట కాదు. ఇంగ్లండ్, వేల్స్‌ల రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 1853 నాటి నమోదుల ఆధారంగా తీసిన లెక్కలో ప్రతి 73 మందిలో ఒకరు స్మిత్. అంటే అప్పటికే వాళ్లు దాదాపు రెండున్నర లక్షల మంది.

ఎందుకంత మంది అని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు ఒకటుంది. స్మిత్ అంటే కమ్మరి, ఊరికో కమ్మరి ఉండేవాడు, అందుకని ఆ పేరు అన్ని ఊళ్లలోనూ పుట్టింది. ఈ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. ఊరికో పిండిమర కూడా ఉండేది. గొర్రెల కాపరి లేని పల్లె ఇంగ్లండులో అరుదు. అయినా ఆ దేశంలో మిల్లర్‌లు, షెపర్డ్‌లు లెక్కలో స్మిత్‌ల దరిదాపులకు రారు. కమ్మరికి ఉన్నదేమిటి, మిగతావారికి లేనిదేమిటి?

ఇంగ్లీషు ఇంటిపేర్ల మీద పండితుల పని నాలుగు వందల ఏళ్లుగా సాగుతోంది. 1605లో విలియం కామ్డెన్ తన పుస్తకంలో వీటికో అధ్యాయం కేటాయించాడు. 1958లో పి. హెచ్. రీనీ నిఘంటువు వచ్చింది. 2016లో పాట్రిక్ హాంక్స్, రిచర్డ్ కోట్స్, పీటర్ మెక్లూర్ సంపాదకత్వంలో ఆక్స్‌ఫర్డ్ వారు నాలుగు సంపుటాల నిఘంటువు వేశారు. అందులో 45 వేలకు పైగా పేర్లున్నాయి. మధ్యలో గణిత శాస్త్రజ్ఞులు, జన్యు శాస్త్రజ్ఞులు కూడా ఈ పనిలోకి దిగారు. ఇదంతా పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: ఇంటిపేరుకున్న అర్థం దాన్ని మొదట మోసిన మనిషి గురించి మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత దానిలోకి వచ్చి చేరిన లక్షల మంది గురించి తెలియాలంటే చట్టం, వలస, బానిసత్వం, భయం, అదృష్టం, వీటన్నిటి కథా చదవాలి.

ముందుగా ఈ పేర్లు ఎన్ని రకాలో చూద్దాం. పండితులు స్థూలంగా నాలుగు రకాలు చెబుతారు: ఊరు లేదా చోటును బట్టి వచ్చినవి, తండ్రి పేరును బట్టి వచ్చినవి, వృత్తిని బట్టి వచ్చినవి, మనిషి రూపాన్నో స్వభావాన్నో బట్టి పెట్టిన మారుపేర్లు. వీటికి ఉదాహరణలు వెతకడానికి తెలుగువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. మన నిఘంటువు కూర్చిన సి. పి. బ్రౌన్ ఇంటిపేరు మారుపేరు జాతికి చెందింది. ఆ వంశంలో ఎవరో పూర్వీకుడి జుట్టు రంగో ఒంటి ఛాయో చూసి ఊరివాళ్లు పెట్టిన పిలుపు అది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఇంటిపేరు చూసి పత్తి వ్యాపారుల వంశమనుకుంటే పొరపాటు. పాత ఇంగ్లీషులో గుడిసెల దగ్గర అనే అర్థమిచ్చే మాటనుంచి కాటన్, కోటన్ అనే ఊళ్ల పేర్లు పుట్టాయి. ఆ ఊళ్లనుంచి వచ్చినవాళ్లు కాటన్‌లయ్యారు. పత్తి అనే అర్థంలో ఉన్న మాట అరబ్బీలో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చిన వేరే మాట. రెండూ ఒకేలా వినిపించడం యాదృచ్ఛికం.

మన ఊళ్ల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీది స్కాట్లండ్. ఆయన పేరు తండ్రి పేరు జాతిది. కాయిన్యఖ్ అనే గేలిక్ పేరుగలవాడి కొడుకు అని దానర్థం. అందులోని 'జ' ధ్వని నిజానికి ఆ పేరులో ఎప్పుడూ లేదు. పాత స్కాట్ రాతలో 'య'కు దగ్గరగా పలికే అక్షరం ఒకటుండేది. అచ్చుయంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి దిమ్మ లేక, ఆకారంలో దాన్ని పోలిన జడ్ అక్షరం వాడారు. చూసి చదివినవాళ్లు జడ్‌గానే పలికారు, చివరికి మోసేవాళ్లు కూడా అలాగే పలకడం మొదలుపెట్టారు. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఆ పేరు విన్ననాటికే అది అచ్చువాళ్ల చేతిలో మారిపోయి ఉంది. ఇంటిపేరుకు అర్థం చెప్పేవాడు ఇప్పటి రూపాన్ని నమ్ముకోకూడదని రీనీ అంత పట్టుబట్టింది ఇందుకే. పాత పత్రాల్లో ఆ పేరు మొదట ఎలా కనబడిందో చూడాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి.

వారసత్వంగా వచ్చే ఇంటిపేర్లు ఇంగ్లండుకు నార్మన్లతో వచ్చాయి. 1066లో దేశాన్ని గెలిచిన ప్రభువులు నార్మండీలో తమ కోటలున్న ఊళ్ల పేర్లు తగిలించుకున్నారు. భూమి తండ్రినుంచి కొడుక్కి పోవాలంటే పేరు కూడా పోవడం వాళ్లకు అవసరం. సామాన్యులకు ఆ అవసరం తర్వాత వచ్చింది. నార్మన్ల ప్రభావంతో పాత ఇంగ్లీషు పేర్లు వాడుక తప్పి, పిల్లలకు జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్, థామస్ వంటి కొద్ది పేర్లే పెట్టడం మొదలైంది. ఒకే పల్లెలో పదిమంది జాన్‌లుంటే పన్ను ఎవరు కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో గుమాస్తాకు తెలిసేదెలా? జాన్ పక్కన ఏదో ఒకటి రాయాలి. అలా రాసినవి దక్షిణాన 1350 ప్రాంతానికి, ఉత్తరాన మరో వందేళ్లకు చాలావరకు వంశపారంపర్యంగా స్థిరపడ్డాయి. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను వేసినప్పటి జాబితాలు ఈ మార్పును చూపే గొప్ప ఆధారం. కొన్ని జిల్లాల్లో పేరుతోపాటు వృత్తి కూడా రాశారు కాబట్టి, స్మిత్ అని పేరుండి వేరే పని చేసుకునేవాడు కనబడితే అక్కడ పేరు తండ్రినుంచి వచ్చిందని తెలుస్తుంది. ఆ పన్ను మీదే 1381లో రైతులు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు వాట్ టైలర్. ఆ ఇంటిపేరుకు పెంకులు కప్పేవాడని అర్థం.

ఇక స్మిత్ మాటకొద్దాం. కొట్టడం అనే అర్థమున్న స్మైట్ అనే క్రియనుంచి ఇది వచ్చిందని, సమ్మెటతో కొట్టేవాడు గనుక స్మిత్ అయ్యాడని చాలాకాలంగా చెప్పుకొస్తున్నారు. భాషా శాస్త్రజ్ఞులు దీన్ని ఒప్పుకోరు. పాత ఇంగ్లీషులో ఈ మాట చెక్కి, మలిచి వస్తువు తయారుచేసే పనివాడికి వర్తించేది. జర్మన్ భాషల కుటుంబమంతటా దీని తోబుట్టువులున్నాయి. ఇనుప పనివాడికి పరిమితమవడం తర్వాతి సంగతి. ఆ విస్తృతార్థం జాడలు వేరే ఇంటిపేర్లలో మిగిలాయి: బాణపు ములుకులు చేసేవాడు ఆరోస్మిత్, బంగారు పనివాడు గోల్డ్‌స్మిత్, కత్తులు చేసేవాడు నేస్మిత్, గుర్రపు నాడాలు చేసేవాడు షూస్మిత్. స్మైత్ అని రాసుకునేవారిలో కొందరి పేరుకు మూలం వేరంటాడు రీనీ. వాళ్ల పూర్వీకుడు కమ్మరి కాకపోవచ్చు, కొలిమి పక్కన కాపురమున్నవాడు కావచ్చు. ఈ పేరు కనబడే తొలి రాతల్లో ఒకటి 975 నాటిది. డరమ్ ప్రాంతంలో ఎచ్చార్డ్ అనేవాడి పేరు పక్కన స్మిత్ అని ఉంది. అది అతని వృత్తే తప్ప, వంశపు పేరని చెప్పడానికి లేదు.

పత్రాలు చదివేవారికి ఇక్కడ ఒక చిక్కుంది. మధ్యయుగపు గుమాస్తాలు లాటిన్‌లో రాసేవారు. ఊళ్లో అందరూ విల్ స్మిత్ అని పిలిచే మనిషి వాళ్ల చిట్టాలో విలెల్మస్ ఫాబెర్ అయ్యేవాడు. ఫ్రెంచి అలవాటున్న గుమాస్తా అదే మనిషిని ల ఫెవ్ర్ అనేవాడు. కాబట్టి 12, 13 శతాబ్దాల్లో స్మిత్‌లు ఎంతమందో కాగితాల మీద లెక్కపెడితే తక్కువే తేలతారు. వాళ్లు లేక కాదు, గుమాస్తా కలం కింద దాగి ఉండి.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు ఒక గట్టి జవాబు చెప్పుకోవచ్చు. నేసిన ఉన్ని బట్టను నీళ్లలో తొక్కి చిక్కబరిచే పని మధ్యయుగపు ఇంగ్లండులో పెద్ద వృత్తి. ఆ పనివాణ్ణి ఆగ్నేయంలో ఫుల్లర్ అన్నారు, నైరుతిలో టక్కర్ అన్నారు, ఉత్తరాన వాకర్ అన్నారు. ఒకే పని, మూడు ఇంటిపేర్లు. నేతగాడు వెబ్, వెబ్‌స్టర్, వీవర్ అని విడిపోయాడు. రొట్టెలు కాల్చేవాడు బేకర్, బ్యాక్స్‌టర్ అయ్యాడు. మిల్లర్ కూడా అంతే, కొన్నిచోట్ల మిల్నర్, కొన్నిచోట్ల మిల్‌వర్డ్. కమ్మరికి మాత్రం ఇంగ్లీషు మాట్లాడే నేల మీద ఆ కొసనుంచి ఈ కొసదాకా ఒకటే మాట. వేర్వేరు ఊళ్లలో, ఒకరికొకరు ఏమీ కాని వేల కమ్మరుల పిల్లలందరూ ఒకే పేరు కింద చేరిపోయారు. ఇంగ్లీషు సరిహద్దు దాటగానే ఆ పేరు పలచబడటం దీనికి సాక్ష్యం. కార్నిష్ భాష మాట్లాడిన కార్న్‌వాల్‌లో కమ్మరి వంశాల పేరు ఆంగోవ్.

దీనితోపాటు ఇంకో వివరణ కూడా తరచూ వినబడుతుంది. కమ్మరి ఊరికి అవసరం గనుక అతన్ని యుద్ధానికి పంపలేదట, అందుకే అతని వంశం నిలిచిందట. నాకిది నమ్మబుద్ధి కాదు. గుర్రాలకు నాడాలు, బాణాలకు ములుకులు లేకుండా ఏ సైన్యం కదిలింది? సైన్యాల వెంట కమ్మరులు నడిచారు. మాట ఒక్కటే కావడం, మొదలు వేలాదిగా ఉండటం, ఈ రెండూ చాలు. వాటికి వీరగాథ అక్కర్లేదు.

పేర్లు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని మొదట పద్ధతిగా చూసినవాడు హెన్రీ బ్రూమ్ గప్పీ. 1890లో అచ్చయిన ఆయన పుస్తకం రైతుల పేర్లనే లెక్కలోకి తీసుకుంది. పట్నాలకు వలసపోయేవారిలో రైతు చివరివాడు, అందువల్ల పేరు పుట్టిన చోటికి దగ్గరగా ఉండేది అతనే అని ఆయన తర్కం. పద్ధతిలో లోపాలున్నా ఆ ఆలోచన గొప్పది. ఆ తర్వాత జార్జ్ రెడ్‌మండ్స్ యార్క్‌షైర్‌లో ఒక్కొక్క పేరును ఒక్కొక్క లోయదాకా, కొన్నిసార్లు ఒకే ఒక కమతందాకా వెంబడించాడు. నిఘంటువులో ఒక్క వాక్యంలో అర్థం చెప్పి వదిలేయడం చాలదని, ఒక్కో పేరుకూ ఒక స్థానిక చరిత్ర ఉంటుందని ఆయన చూపించాడు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే విలువైన పని ఇదేననిపిస్తుంది.

ఒకే ఇంటిపేరు వాళ్లంతా ఒకే రక్తమా? ఈ ప్రశ్నను జన్యుశాస్త్రం 2000లో ముట్టుకుంది. వై క్రోమోజోమ్ తండ్రినుంచి కొడుక్కి పోతుంది, ఇంగ్లండులో ఇంటిపేరూ అలాగే పోతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ల నమూనాలు పరీక్షించాడు. దాదాపు సగం మందిలో ఒకే రకం క్రోమోజోమ్ కనబడింది. యార్క్‌షైర్‌లో పుట్టిన ఆ పేరుకు మూలపురుషుడు ఒక్కడేనని ఆయన తీర్మానించాడు. తక్కిన సగం మందిలో వేరే రకాలు కనబడటానికి కారణాలు అనేకం: దత్తతలు, తల్లి పేరు మోసిన పిల్లలు, అల్లుడు మామగారి పేరు పుచ్చుకోవడం, గుట్టుగా మిగిలిన సంబంధాలు. 2009లో లెస్టర్‌లో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ ఈ పనిని పెద్దది చేశారు, 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్లు. అటెన్‌బరో వంటి అరుదైన పేరున్నవారిలో అత్యధికులు ఒకే పూర్వీకుడి సంతతి అని తేలింది. స్మిత్‌లలో అలాంటిదేమీ లేదు. ఇద్దరు స్మిత్‌లను పక్కపక్కన నిలబెడితే, వీధిలో దారినపోయే ఇద్దరికి ఉన్నంత చుట్టరికమే వాళ్లకూ ఉంటుంది. వేలాది కొలుముల మాట పత్రాలు చెప్పాయి, రక్తం ఒప్పుకుంది.

ఇదే ప్రశ్నను వందేళ్లకు పైగా ముందే చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్ ఇంకో వైపునుంచి అడిగాడు. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లు ఇంగ్లండులో ఎన్ని జరుగుతాయో తేల్చాలని 1875లో ఆయన వధూవరులిద్దరిదీ ఒకే ఇంటిపేరైన పెళ్లిళ్లు లెక్కపెట్టాడు. స్మిత్ స్మిత్‌ను చేసుకుంటే అది చుట్టరికమా, యాదృచ్ఛికమా? అందుకని సాధారణ పేర్ల లెక్కలు చూసి యాదృచ్ఛికంగా కలిసినవాటిని అంచనా వేసి తీసేశాడు. ఆ పద్ధతి తెలుగునాట పనికొచ్చేది కాదు. ఇంటిపేరు ఒకటైతే మనవాళ్లు వరుస కుదరదంటారు, అన్నదమ్ముల పిల్లలు మనకు అన్నాచెల్లెళ్లు. మేనరికంలో ఇంటిపేర్లు వేరుగానే ఉంటాయి. చార్లెస్ డార్విన్ సొంత పెళ్లే చూడండి. ఆయన భార్య ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయన తల్లికి తమ్ముడి కూతురు. అంటే అచ్చమైన మేనరికం. ఇంటిపేర్లు వేరైనందున కొడుకు పద్ధతిలో అది నేరుగా లెక్కకే రాదు. అలాంటివాటి కోసం ఆయన మళ్లీ వేరే అంచనాలు వేయాల్సి వచ్చింది.

ఇంటిపేర్లు గణితానికి ఒక శాఖనే ఇచ్చాయి. పెద్ద వంశాల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయని ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక పత్రికలో ప్రశ్న వేశాడు. దానికి జవాబు రాసినవాడు హెన్రీ విలియం వాట్సన్ అనే మతాచార్యుడు. 1874లో ఇద్దరూ కలిసి వ్యాసం ప్రచురించారు. ఒక్కో మగవాడికి ఇంతమంది కొడుకులు పుట్టే అవకాశం ఇంత అని పెట్టుకుని తరతరానికీ లెక్క వేస్తే ఏమవుతుందన్నది సమస్య. ఎప్పటికైనా ప్రతి పేరూ అంతరించక తప్పదని వాట్సన్ తేల్చాడు. అది పొరపాటు. సగటున ఒకరికంటే ఎక్కువమంది కొడుకులుంటే పేరు నిలిచే అవకాశం ఉంటుందని తర్వాతి వాళ్లు సరిదిద్దారు. ఆ సమీకరణాలే ఈనాడు అణు విస్ఫోటనంలో న్యూట్రాన్ల వృద్ధికీ, అంటువ్యాధుల వ్యాప్తికీ వాడుతున్నారు. స్మిత్ విషయంలో ఈ గణితం చెప్పేది ఒక్కటే. ఒకే మనిషితో మొదలైన పేరు రెండు మూడు తరాల్లో కొడుకులు లేక చల్లారిపోవచ్చు. 1348లో వచ్చిన మహామారి ఇంగ్లండులో మూడోవంతుకు పైగా జనాన్ని తుడిచిపెట్టినప్పుడు అలాంటి పేర్లు ఎన్నో పోయాయి. వేల చోట్ల మొదలైన పేరు అన్నిచోట్లా ఒకేసారి చావదు.

ఇంతవరకూ చెప్పింది ఇంగ్లండు లోపలి కథ. ఇకపై కథ మారుతుంది, ఎందుకంటే స్మిత్‌లుగా పుట్టినవారికి స్మిత్‌లుగా మారినవారు తోడవుతారు.

1465లో, నాలుగో ఎడ్వర్డ్ పాలనలో, డబ్లిన్ చుట్టూ ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న ప్రాంతానికి ఒక చట్టం వచ్చింది. అక్కడుండే ఐరిష్ మగవాళ్లు ఇంగ్లీషువారిలా బట్టలు కట్టుకోవాలి, ఇంగ్లీషు ఇంటిపేరు పెట్టుకోవాలి. ఏ పేరు పెట్టుకోవచ్చో కూడా చట్టమే చెప్పింది: ఒక పట్టణం పేరు, లేదా తెలుపు, నలుపు, గోధుమ అనే రంగు పేరు, లేదా స్మిత్, కార్పెంటర్ వంటి పనివాడి పేరు, లేదా కుక్, బట్లర్ వంటి కొలువు పేరు. స్మిత్ పేరు చట్టం పాఠంలోనే ఉంది. కమ్మరి కొడుకు అని అర్థమున్న మాక్ గౌవన్ వంశాలు కావన్ ప్రాంతంలో చాలావరకు స్మిత్‌లుగా మారిపోయాయి. 1890 నాటి జననాల ఆధారంగా రాబర్ట్ మాథెసన్ ఐర్లండ్ ఇంటిపేర్ల లెక్క తీసినప్పుడు మర్ఫీ, కెల్లీ, సలివాన్, వాల్ష్‌ల వెనకే అయిదో స్థానంలో స్మిత్ ఉంది. ఆ స్మిత్‌లలో ఎంతోమంది పూర్వీకుల నోట ఆ ఇంగ్లీషు మాట పుట్టలేదు. పాలకుడి కాగితానికి అనువుగా ఉండాలని ఒక జాతి తన పేర్లు మార్చుకోవలసి వచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు అర్థాల పట్టికలు చిన్నబోతాయి.

వేల్స్‌లో జరిగింది కొంత వేరు. అక్కడ ఇంటిపేరే లేదు, ఫలానావాడి కొడుకు ఫలానా అని చెప్పుకునేవారు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషు న్యాయస్థానాలు, దస్తరాలు వచ్చాక తండ్రి పేరు ఉన్నచోటే గడ్డకట్టి ఇంటిపేరైంది. కొడుకు అని అర్థమున్న 'ఆప్' కూడా అందులో అతుక్కుపోయి రైస్ కొడుకు ప్రైస్, హవెల్ కొడుకు పావెల్ అయ్యారు. జాన్ కొడుకులు జోన్స్‌లై 1853 లెక్కలో స్మిత్‌లతో దాదాపు సమానంగా నిలిచారు. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ఇదే మన కళ్లముందు జరుగుతోంది. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ల దరఖాస్తుకు చివరిపేరు కావాలి. తండ్రి సొంత పేరు ఆ గడిలో పడితే, అక్కడ పుట్టిన పిల్లలకు అదే ఇంటిపేరైపోతుంది. తాతముత్తాతల ఊరి పేరు ఒక్క తరంలో దస్తావేజుల్లోంచి జారిపోతుంది.

యూరప్‌లో కమ్మరి పేరు లేని జాతి లేదు. జర్మన్లకు ష్మిట్, డచ్చివారికి స్మిట్, ఫ్రెంచివారికి లెఫెవ్ర్, ఇటలీలో ఫెరారి, పోలండులో కొవాల్‌స్కీ, హంగరీలో కొవాచ్. అరబ్బులకు హద్దాద్. తెలంగాణలో కమ్మరి అనేదే ఇంటిపేరుగా ఉన్న కుటుంబాలున్నాయి. వీళ్లలో యూరప్‌నుంచి అమెరికాకు చేరినవారు కొందరు తమ పేరును అనువదించుకుని స్మిత్‌లయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరు ఉండటమే అపాయమైనప్పుడు ష్మిట్‌లకు ఇది దగ్గర దారి. ఆ యుద్ధకాలంలోనే, 1917 జూలైలో, బ్రిటిష్ రాజకుటుంబం తన జర్మన్ పేరు వదిలి విండ్సర్ అయింది. రాజుకే తప్పనిది రొట్టెల దుకాణం వాడికి తప్పుతుందా? ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు వలసదార్ల పేర్లు ఇష్టమొచ్చినట్టు మార్చేశారన్న కథ మాత్రం నిజం కాదు. ఓడ బయల్దేరిన రేవులో రాసిన జాబితా చూసి వాళ్లు టిక్కు పెట్టేవారు. పేర్లు మారింది తర్వాత, పని దొరకడం కోసం, పిల్లలు బడిలో ఏడవకుండా ఉండటం కోసం, వలస వచ్చినవారి చేతులతోనే.

2010 లెక్కల్లో అమెరికా స్మిత్‌లలో నూటికి 23 మంది నల్లజాతివారు. దేశ జనాభాలో వారి వాటాకంటే ఇది బాగా ఎక్కువ. కారణం అందరికీ తెలుసు, కానీ వివరం తెలిసింది తక్కువమందికి. బానిసలకు ఇంటిపేరు ఉండకూడదన్నట్టే యజమానులు చిట్టాలు రాశారు. 1865లో స్వేచ్ఛ వచ్చాక అందరూ చివరి యజమాని పేరే పెట్టుకున్నారని చాలాకాలం అనుకున్నారు. చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ 1976లో అచ్చయిన పుస్తకంలో దీన్ని తిరగరాశాడు. బానిసత్వంలోనే ఎన్నో కుటుంబాలు తమలో తాము ఇంటిపేర్లు వాడుకున్నాయి. చివరి యజమాని పేరు కాదని, తాతల కాలంనాటి పాత యజమాని పేరు నిలుపుకున్నారు. అమ్మకాల్లో చెల్లాచెదురైన అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపట్టడానికి మిగిలిన ఆనవాలు అదే. ఇంకొందరు పేరు తామే ఎంచుకున్నారు. ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినప్పుడు బెయిలీ. 1838లో పారిపోయి న్యూయార్క్ చేరి జాన్సన్ అయ్యాడు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో అప్పటికే జాన్సన్‌లు మరీ ఎక్కువమంది ఉండటంతో, ఆశ్రయమిచ్చిన నేథన్ జాన్సన్ వాల్టర్ స్కాట్ కావ్యంలోంచి డగ్లస్ పేరు సూచించాడు. వాషింగ్టన్ ఇంటిపేరున్న అమెరికన్లలో 2010 లెక్కల ప్రకారం నూటికి 87 మందికి పైగా నల్లజాతివారు. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పేరులో స్మిత్ అర్థం కమ్మరి అని నిఘంటువు చూపిస్తే ఎవరూ కాదనలేరు, కానీ ఆమె గురించి అది చెప్పేది సున్న.

పేరు ఎక్కువమందికి ఉండటాన్ని గొప్పగా భావించనివాళ్లూ ఉన్నారు. అష్టాదశ శతాబ్దంలో హ్యూ స్మిత్సన్ అనే బారొనెట్ పెర్సీ వంశపు వారసురాలిని పెళ్లి చేసుకుని, 1750లో తన పేరు వదిలి పెర్సీ అయ్యాడు, తర్వాత నార్తంబర్లండ్ డ్యూక్ అయ్యాడు. ఆయన వదిలేసిన పేరును వివాహేతర సంతానమైన కొడుకు జేమ్స్ నిలబెట్టాడు. ఎన్నడూ చూడని అమెరికాకు తన ఆస్తి రాసిచ్చాడు, దానితో 1846లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ వెలిసింది. పెర్సీల కోటకంటే ఆ పేరే ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమందికి తెలుసు.

ఇంటిపేరు చెప్పగానే వంశచిహ్నం ముద్రించిన పలక అమ్మే దుకాణాలు బ్రిటన్ పర్యాటక కేంద్రాల్లో, అంతర్జాలంలో కనబడతాయి. వీటిని నమ్మవద్దని గట్టిగా చెప్పాలి. ఇంగ్లండులో చిహ్నం ఒక వ్యక్తికీ అతని వారసులకీ ఇస్తారు, ఇంటిపేరుకు ఇవ్వరు. లక్షల స్మిత్‌లకు ఒకే చిహ్నం ఉండటం అసాధ్యం. తన పూర్వీకుల గురించి తెలుసుకోవాలనే మనిషి ఆశను సొమ్ము చేసుకోవడం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే నిజమైన సమాచారం దస్తావేజుల్లో ఉంది.

అమెరికా జనాభాలో స్మిత్‌ల వాటా 1990లో నూటికి ఒకటి, 2000లో లక్షకు 881, 2010లో 828. 2000కీ 2010కీ మధ్య సంఖ్య పెరిగింది, వాటా తగ్గింది. 2010 మొదటి పది పేర్లలో గార్సియా, రోడ్రిగెస్, మార్టినెస్ అనే స్పానిష్ పేర్లు కూడా ఉన్నాయి.

ఒక స్మిత్ ఈ రోజు తన మూలం వెతకాలనుకుంటే పేరు అర్థంతో మొదలుపెట్టి లాభం లేదు. ఇంగ్లండులో 1837 జూలై 1నుంచి ప్రభుత్వ జనన మరణ నమోదు ఉంది. దానికి వెనక, 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలైన చర్చి రిజిస్టర్లున్నాయి. జాన్ స్మిత్ అని వెతికితే ఒకే ఏడాదిలో వందల మంది తగులుతారు. కాబట్టి పేరును పక్కనపెట్టి ఊరు, వృత్తి, భార్య పుట్టింటి పేరు, పెళ్లికి సాక్షి సంతకం చేసినవాడు ఎవరన్నవి పట్టుకోవాలి. అరుదైన పేరున్న అమ్మమ్మ ఒకరు దొరికితే పని సగం అయినట్టే, ఆమె దారినే వెనక్కి నడవవచ్చు. పరిశోధకులు స్మిత్‌లకు మొదట చెప్పే సలహా కూడా ఇదే: తండ్రివైపు కాక, ఆడవాళ్ల పుట్టింటి వైపునుంచి మొదలుపెట్టమని.